చివరి మనిషి ఎక్కేదాకా

మా గుంపులో రాసిపెట్టుకున్న నియమాలేవీ లేవు. రాయాల్సిన పని లేని నియమం ఒకటుంది. దారిలో ఎవరైనా గుర్రం దిగితే, ఆ మనిషి మళ్ళీ ఎక్కి, జీను మీద సర్దుకుని "పదండి" అనేదాకా తక్కినవాళ్ళు అంగుళం కదలకూడదు. వాన పడనీ. దోమలు పీక్కుతిననీ. ఇంటి దగ్గర పొయ్యి మీద కూర మాడిపోనీ. తోటి గుర్రాలు కదిలిపోతుంటే గుర్రం ఆగదు. ఒక కాలు రికాబులో, ఒక కాలు గాలిలో ఉన్న మనిషిని అలాగే ఈడ్చుకుంటూ వాటి వెంట పరిగెడుతుంది.

ఈ నియమం మాకు నేర్పింది ఐవరీ టాల్బర్ట్. అందరికీ ఐవరీ బాబాయ్. మిసిసిపీలో పుట్టి, కంచరగాడిద వెనకాల నాగలి పట్టి, మీసాలు రాకముందే షికాగో వచ్చి, ఉక్కు కొలిమి ముందు ఒళ్ళు కాల్చుకుని, పనిలోంచి దిగిపోయిన మర్నాడే గుర్రాన్ని తెచ్చుకున్న మనిషి. ఆ ఆడగుర్రం పేరు మిస్ పెర్ల్. ముదురు రంగు, దాదాపు నలుపే. నుదుటి మీద మాత్రం బొటనవేలి ముద్రంత తెల్లమచ్చ.

నేను అర్నెటా. సిటీ బస్సు నడుపుతాను. నా గుర్రం డీకన్. చర్చిలో చందా పళ్ళెం పట్టుకు తిరిగే పెద్దమనిషిలా నింపాదిగా నడుస్తాడు కాబట్టి వాడికా పేరు. మాతో వచ్చే మూడోవాడు డెజ్మండ్. మంగలిషాపు ఉంది. వాడి గుర్రం రాకెట్. ఆ గుర్రానికి వేగమంతా పేరులోనే ఉంది.

మా గుర్రాలుండేది ఊరికి దక్షిణాన, ప్రభుత్వ అడవి అంచున మిగిలిన ఆఖరి గుర్రపుశాలలో. ఒకప్పుడు ఆ రోడ్డు పొడుగునా శాలలే. ఇప్పుడు ఇళ్ళు. ఇళ్ళకి కంచెలు. కంచెలకి బోర్డులు. అడవికి ఒక పక్క హైవే, ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క ఆ ఇళ్ళు. మధ్యలో మిగిలిన ముక్కకి ప్రజల అడవి అని పేరు. ఏటా గుర్రానికో బిళ్ళ, మనిషికో కార్డు తీసుకుంటే లోపలికి రానిస్తారు. ఏటా ఒక దారి మూసేస్తారు. నేను ఆ అడవి ఆఫీసువాళ్ళ ప్రతి సభకీ పోయి, మైకు ముందు ఇచ్చే మూడు నిమిషాలూ అరిచి వస్తాను. థాంక్యూ అంటారు, తర్వాతి పేరు పిలుస్తారు. అసలు ప్రజలంటే ఎవరని అడిగితే చెప్పరు. మెళ్ళో బైనాక్యులర్లు వేసుకుని పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు ప్రజలు. కుక్కల్ని తిప్పేవాళ్ళు ప్రజలు. జీను మీద నల్లమనిషి కనిపిస్తే మాత్రం ఆగి, "ఈ గుర్రం మీదేనా?" అని అడుగుతారు.

మార్చి చివర్లో ఒక శనివారం. చలికాలమంతా మంచు, ఆ తర్వాత బురద. మేం అడవిలోకి వెళ్ళి నెలలైంది. ఆ రోజు ఎండ కాసింది. గుర్రాలు కూడా ఆగేలా లేవు.

జీనులు బిగించుకుంటున్నప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది. బాబాయ్ పొట్టపట్టీ బకిల్‌ని చూడకుండా వేళ్ళతో తడిమి వెతుకుతున్నాడు. డెజ్మండ్ ఎదురుగా వచ్చి నిలబడ్డా పలకరించలేదు. వాడు నోరు తెరిచాకే అటు తిరిగాడు.

"ఏం బాబాయ్, ఒకరిది ఏనుగుదంతం పేరు, ఒకరిది ముత్యం పేరు. మీ ఇద్దర్నీ చీకట్లో వెతకాలంటే మాత్రం టార్చి కావాలి."

"నువ్వు నవ్వితే చాలురా, వెలుతురొస్తుంది. ఆ కట్టుడు పళ్ళు అందుకేగా పెట్టించావు."

"ఇవి నా సొంత పళ్ళు బాబాయ్."

"ఎవరి దగ్గర తెచ్చుకున్నా నీ సొంతమేలే."

నేను డీకన్‌ని ముందుకి తెచ్చాను. "ఇవాళ నేను ముందు పోనా, బాబాయ్?"

"ఎందుకు?"

"ఊరికే. చలికాలమంతా తిని బలిశాడు వీడు. కాస్త నడిపిద్దామని."

"మీ డీకన్ ముందుంటే మనం ఈస్టర్‌కి ఇల్లు చేరతాం. పెర్ల్ ముందుంటుంది. నోరు మూసుకుని వెనకాల రా, అమ్మాయ్."

మూసుకున్నాను. బస్సులో ఎవడైనా నోరు మూసుకోమంటే తర్వాతి స్టాపులో దింపేస్తాను. బాబాయ్‌ని ఎక్కడ దింపుతాం.

శాల వెనక గేటు తీసుకుని లోపలికి వెళ్ళాం. ఓక్ చెట్లకి ఇంకా ఆకు రాలేదు. కప్పలు అరుస్తున్నాయి, ఆ అరుపు వెనకాల హైవే. ఆ అడవిలో ఎక్కడ నిలబడినా హైవే వినపడుతుంది. పైన విమానాలు. బాబాయ్ వీపు నిటారుగా, టోపీ కిందికి లాక్కుని, ఆ వయసులో కూడా జీనులోంచి మొలిచినట్టు కూర్చున్నాడు.

వాగు మలుపు దగ్గర ఆయన ఎప్పుడూ ఒక పని చేస్తాడు. పగ్గాలు మొత్తం వదిలేసి పెర్ల్ మెడ మీద పడేస్తాడు. అక్కణ్ణుంచి చిత్తడి నేల అంచునే మా పాతదారి. ఎక్కడ అడుగు పెట్టాలో పెర్ల్‌కి తెలుసు. "ఇక్కణ్ణుంచి బండి ఆమెది" అంటాడు. ఆ రోజూ అన్నాడు. వదిలేశాడు.

మలుపు దాటాక దారి రెండుగా చీలి ఉంది. శరదృతువులో చీలలేదు. ఎడమవైపు కొత్తగా కంకర పోసిన దారి, హైవే కంచెని ఆనుకుని పోతోంది. తిన్నగా మా పాతదారి, ఎప్పట్లాగే ఎండుగడ్డి, మధ్యమధ్య పచ్చ. బోర్డు లేదు. తాడు లేదు. ఇదేమిటీ కంకర అని నేను చూస్తూనే ఉన్నాను. పెర్ల్ ఆలోచించలేదు. దానికి తెలిసిన దారిలో అది పోయింది.

తర్వాత తెలిసిందేమిటంటే, వెనకటికి రైతులు ఆ నేల ఆరబెట్టడానికి భూమిలో పాతిన మట్టి గొట్టాల్ని అడవి ఆఫీసువాళ్ళు చలికాలంలో తవ్వి పగలగొట్టారట. నీళ్ళు తిరిగి రావాలని, కొంగలు రావాలని. నాకు కొంగల మీద కోపం లేదు. మాకు చెప్పలేదని కోపం.

ముందుకాళ్ళు మోకాళ్ళదాకా దిగాయి. పెర్ల్ ఎగిరి బయటపడబోయింది. ఆ ఎగరడంలో వెనకకాళ్ళు తొడలదాకా దిగాయి. బాబాయ్ పక్కకి జారి బురదలో పడ్డాడు. అది ఇంకోసారి ఎగిరింది. ఇంకోసారి. ఎగిరిన ప్రతిసారీ ఇంకొంత లోపలికి. చివరికి పొట్ట నేలకి ఆనింది. నేల మీద గుర్రం సగం మాత్రమే మిగిలింది. తల ఎత్తుకుని, ముక్కుపుటాలు విప్పుకుని, కొలిమి తిత్తిలా ఊపిరి తీస్తూ.

"రావద్దు," అన్నాడు బాబాయ్. గొంతు మామూలుగానే ఉంది. "గుర్రాల్ని గట్టి నేల మీదే ఉంచండి. డెజ్, ఫోన్ చెయ్."

డెజ్మండ్ అప్పటికే చేస్తున్నాడు. నేను దిగి డీకన్ పగ్గాలు వాడి చేతికిచ్చి, గడ్డి దుబ్బుల మీద కాళ్ళు వేసుకుంటూ వెళ్ళాను. ఒక పక్క కంచె, కంచె అవతల లారీలు. ఇంకో పక్క నీళ్ళు. మధ్యలో రెండు గుర్రాలు పక్కపక్కన నిలబడలేనంత దారి. వాళ్ళు మాకు ఇచ్చిన అడవి అంత.

బాబాయ్ తొడలదాకా బురదలో నిలబడి పెర్ల్ తల పట్టుకున్నాడు. పొట్టపట్టీ బురద లోపల ఉంది. జేబులో కత్తి తీసి జీను పట్టీలు కోసి పడేశాను. ఆయన మెంఫిస్ నుంచి తెచ్చుకున్న జీను అది. పెర్ల్ తల మాత్రం వదల్లేదు.

ముందు వచ్చింది అడవి ఆఫీసరు. స్కాల్స్కీ అని చొక్కా మీద ఉంది. కుర్రవాడు కాదు గాని నాకంటే చిన్న. చిన్న బండి దిగుతూనే అన్నాడు. "ఇది మూసేసిన దారి, మేడమ్."

"మా గుర్రం చదువుకోలేదు, ఆఫీసర్."

"బోర్డు పెట్టాం."

"ఎక్కడ?"

"పార్కింగ్ దగ్గర."

"మేం పార్కింగ్ నుంచి రాం. మా శాల వెనక గేటు నుంచి వస్తాం. ఈ అడవి పుట్టినప్పట్నుంచి గుర్రాలు అక్కణ్ణుంచే వస్తున్నాయి. కార్లకి చెప్పారు, గుర్రాలకి చెప్పలేదు."

ఆయన మా గేటు వైపు చూశాడు. వాదిస్తాడని నోట్లో ఇంకా నాలుగు మాటలు సిద్ధంగా పెట్టుకున్నాను. వాదించలేదు. కోటు విప్పి బాబాయ్ భుజాల మీద కప్పాడు. ఎవడిమీదైనా అరవాలని ఉన్నప్పుడు వాడు మంచివాడైతే ఎంత ఇబ్బందో.

ఫైరింజన్ అడవి గేటు లోంచి పట్టలేదు. చుట్టూ తిరిగి హైవే పక్కన ఆపారు. ఇప్పుడు మధ్యలో కంచె. కంచె హైవే వాళ్ళది. దాన్ని ముట్టుకోవాలంటే ఎంతమందిని అడగాలో, ఆ అడగడానికి ఎన్ని వారాలు పడుతుందో నాకు బాగా తెలుసు. ఫైర్ కెప్టెన్ అడగలేదు. కట్టర్ తీసి టకటకా కోసేశాడు. ఆ మనిషి పేరు కూడా నాకు తెలియదు. ఆ ఒక్క పనికి జన్మలో మర్చిపోను.

చెక్క పలకలు పరిచారు. సన్నటి గొట్టాలు కాళ్ళ పక్కనుంచి బురదలోకి దించి నీళ్ళు వదిలారు, కాళ్ళని పట్టుకున్న పట్టు వదలడానికి. పెర్ల్ వెనక, తొడల కిందుగా వెడల్పు పట్టా దూర్చి, రెండు కొసలు ముందుకి తెచ్చి మోకులు కట్టారు. డాక్టరమ్మ కూడా వచ్చింది, మరిసోల్ ఇబార్రా, పశువుల డాక్టరు. బూట్లు బురదలో ఇరుక్కుపోతే విప్పి పారేసి సాక్సులతోనే దిగింది.

"లాగండి, నెమ్మదిగా," అంది. లాగారు. జానెడు కదిలింది. ఆగింది. మళ్ళీ లాగారు. మోకు బిగిసి కిర్రుమంది గాని గుర్రం కదల్లేదు.

"ఆపండి," అంది డాక్టరు. "అది సాయం చెయ్యట్లేదు. మనమే లాగితే నడుం విరుగుతుంది."

నిజమే. పెర్ల్ పెనుగులాడ్డం మానేసింది. మొదట్లో ఉన్న ఆ తిత్తి ఊపిరి లేదు. గడ్డం తెచ్చి బాబాయ్ భుజం మీద ఆనించి కళ్ళు సగం మూసింది. బురద ఐసులాంటి చల్లన. ఒంట్లో వేడి మొత్తం ఆ మట్టి తాగేస్తోంది. ఒణుకు కూడా ఆగిపోయింది. నేను పలకల మీద పడుకుని దాని మెడ రుద్దుతున్నాను. బండరాయిని రుద్దినట్టుంది.

బాబాయ్ నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు. "నెటా, ఆ డాక్టరమ్మ చేతిలో ఏముంది?"

"ఏం లేదు."

"సంచీ తెరిచిందా?"

నాకు ఎదురుగా, ఆయన మొహానికి బారెడు దూరంలో ఉంది డాక్టరు. సంచీ తెరిచే ఉంది. లోపల సిరంజి కనపడుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది.

"బాబాయ్, నీకు కనపడట్లేదా?"

"నీ గొంతు వినపడుతోంది."

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ ముందు నుంచి. కుడిది పూర్తిగా పోయింది. ఎడమది పొగలో ఉన్నట్టుంది."

"చెప్పొద్దూ?"

"చెప్తే ఎక్కనిస్తావా?"

ఎక్కనివ్వను. ఆయనకి తెలుసు. నాకూ తెలుసు.

"కళ్ళ డాక్టరు కారు తాళాలు తీసేసుకోమన్నాడు, తీసేసుకున్నారు. మా అమ్మాయి కూరలు కొయ్యొద్దంది, కత్తి దాచేసింది. కుర్చీలోంచి మంచం మీదకి, మంచం మీంచి కుర్చీలోకి. ఇంట్లో వాళ్ళు మంచోళ్ళే, ఎవర్నీ ఏమనను. గోడలు మాత్రం రోజుకి కాస్త దగ్గరికొస్తున్నాయి. దీని మీద ఎక్కితేనే నేను ఎక్కడికైనా పోయేది. దీనికి కనపడితే నాకు కనపడ్డట్టే. ఇది పోతే నేను ఇంక ఆ కుర్చీలోనే." పెర్ల్ చెంప నిమిరి అన్నాడు. "ఎడమకి తిరగమని దీనికి నేను ఒక్క మాట చెప్పాల్సింది. అక్కడ కంకర ఉందని నాకేం తెలుసు."

నేను చూశాను. కంకర నేను చూశాను. కాని అప్పుడు అది మాట్లాడుకునే సమయం కాదు.

డాక్టరు వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "సార్, నేను దాచను. అది తనంతట తాను ఒక్కసారి పెనుగులాడాలి. వెనకకాళ్ళతో ఒక్కసారి గట్టిగా తన్నాలి. అప్పుడు మేం లాగితే వస్తుంది. లేకపోతే చలికి అదే పోతుంది, నెమ్మదిగా. అలా పోనివ్వడం నాకిష్టం లేదు."

"తల్లీ, ఇంకాస్త ఆగు," అన్నాడు బాబాయ్.

"ఆగుతాను. గుర్రం ఆగేట్టు లేదు."

ఆమె ఆ మాట అంటుండగానే ఫైర్ వాళ్ళు ఇంకొన్ని పలకలు తెస్తున్నారు. దారిలో డీకన్, రాకెట్ అడ్డంగా ఉన్నారు. "వాటిని కాస్త వెనక్కి తీయండి" అని కెప్టెన్ కేకేశాడు. డెజ్మండ్ రెండింటినీ తిప్పి, వచ్చిన దారినే నడిపించాడు. ఎక్కువ దూరం కాదు. పొదల వెనక్కి.

బాబాయ్ భుజం మీంచి పెర్ల్ తల లేచింది.

చెవులు రెండూ అటు తిరిగాయి. తర్వాత సకిలించింది. ఆ సకిలింపు నేనెప్పుడూ దాని నోట వినలేదు. పొట్టలోంచి వచ్చింది. వెనక బురద ఒక్కసారి కదిలింది. పొదల వెనకనుంచి డీకన్ జవాబిచ్చాడు. డెజ్మండ్ గుర్రాల్ని ఆపేశాడు, అలవాటు కదా. డీకన్ తల పొదల మీంచి కనపడగానే పెర్ల్ తల మళ్ళీ భుజం మీదకి దిగిపోయింది.

డాక్టరు అది చూసింది. మేమందరం చూశాం.

"ఆ గుర్రం ఎవరిది?" అంది.

"నాది."

"శాలలో పక్కపక్క గదులేనా వీటివి?"

"ఈ గుర్రం వచ్చినప్పట్నుంచి."

"అయితే మీరు ఎక్కి వెళ్ళిపోండి. ఇంతకుముందు వెళ్ళినట్టు కాదు. నిజంగా వెళ్ళిపోవాలి. దాన్ని వదిలేసి పోతున్నట్టు."

"వద్దు," అన్నాడు బాబాయ్.

"సార్..."

"వద్దంటున్నా. మా గుంపులో అలా పోరు."

"బాబాయ్, ఇది వేరే," అన్నాను.

"ఏం వేరే? నీకు తెలీదు నెటా. ఇది నా దగ్గరికి వచ్చినప్పుడు మనిషి చెయ్యి ఎత్తితే గోడకి అతుక్కుపోయేది. ఎవడో వేలంలో వదిలేసి పోయిన గుర్రం. నేను దీనికి ఒక్కటే నేర్పాను. నిలబడు, మేం నిన్ను వదిలి పోం. ఇంకేం నేర్పలేదు. ఎక్కేటప్పుడు చెట్టులా నిలబడుతుంది, ఎందుకు? ఆ మాట నమ్మి. ఇప్పుడు అది కూడా అబద్ధమని చెప్పమంటావా, ఈ బురదలో?"

"చెప్పు. అబద్ధమని చెప్పు. చచ్చిన గుర్రానికి నిజం ఎందుకు, బాబాయ్?"

  మోకులు పట్టుకున్నవాళ్ళు కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. కంచె అవతల ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. వాడికి ఏం కనపడి ఉంటుందో. బురదలో ఒక గుర్రం తల, ఒక ముసలాయన.

బాబాయ్ పెర్ల్ నుదుటికి తన నుదురు ఆనించాడు, ఆ తెల్లమచ్చ మీద.  "నెటా," అన్నాడు, అటు తిరక్కుండానే.

"ఊఁ."

"వెనక్కి చూడకు. నువ్వు చూస్తే డీకన్ ఆగుతాడు. వాడు ఆగాడని దీనికి తెలిస్తే ఇదీ ఆగిపోతుంది. నేను పిలిచినా చూడకు."

"సరే."

"పిలుస్తానేమో. పిలిచినా చూడకు."

"సరే బాబాయ్."

"పో."

నేను గట్టి నేల మీదకి వచ్చి డీకన్‌ని ఎక్కాను. డెజ్మండ్ రాకెట్‌ని ఎక్కాడు. మడమలతో తాకించాను. డీకన్ కదల్లేదు.

ఇంకోసారి తాకించాను. చెవులు వెనక్కి పెట్టి నిలబడ్డాడు. కింద ఒక మనిషి ఉన్నాడు, ఇంకా ఎక్కలేదు. వాడికీ అదే నేర్పాం. ఇన్నేళ్ళూ నా చేతులతో నేనే నేర్పాను. ఇప్పుడు వాడి డొక్కలో గట్టిగా తన్నాల్సి వచ్చింది. నేనెప్పుడూ వాణ్ణి అలా తన్నలేదు. ఉలిక్కిపడి ముందుకి దూకాడు.

నడక కాదు, దౌడు తీయించాను. కంకర దారి మీద డెక్కలు గట్టిగా మోగాయి, పెర్ల్‌కి వినపడాలనే. వెనకనుంచి అది పిలిచింది. డీకన్ మెడ తిప్పబోయాడు. పగ్గం బిగబట్టి తిన్నగా ఉంచాను. అది మళ్ళీ పిలిచింది. ఆ పిలుపు సన్నబడుతూ కేకయింది. దాని కింద మనుషుల గొంతులు: "లాగండి, లాగండి, ఇప్పుడే." ఇంకో గొంతు, పెద్దాయన గొంతు, నా పేరు పెట్టి. రెండుసార్లు.

చూడలేదు.

ఎడమ పక్క కంచె, కుడి పక్క నీళ్ళు, ముందు కంకర. ఎటూ తిరగడానికి లేదు. బస్సు నడిపేటప్పుడు అద్దంలో వెనకది కనపడుతుంది. గుర్రానికి అద్దం ఉండదు. పక్కన డెజ్మండ్ ఏడుస్తున్నాడు, నోరు తెరుచుకుని, ఆ సొంత పళ్ళన్నీ కనపడేట్టు. వంపు తిరిగాం. తర్వాత ఏమీ వినపడలేదు. హైవే కూడా వినపడనట్టు అనిపించింది. అంత నిశ్శబ్దం ఆ అడవిలో ఎప్పుడూ లేదు.

"అక్కా, ఇంకెంత దూరం?" అన్నాడు డెజ్మండ్.

"నోరు మూసుకుని రా."

అప్పుడు డీకన్ ఆగాడు. నేను ఆపలేదు. తన్నాను, కదల్లేదు. తల ఎత్తి వినడం మొదలుపెట్టాడు. నాకు వినపడటానికి ఇంకాస్త సమయం పట్టింది. డెక్కల చప్పుడు. సరిగ్గా పడటం లేదు, ఒకటి పడి ఒకటి తప్పి, తాగినవాడి నడకలా.

అప్పుడు చూశాను. వంపు తిరిగి వస్తోంది పెర్ల్. చెవులదాకా మట్టి. తల ఒక్కటే గుర్రంలా ఉంది, తక్కినదంతా నడిచే బురద. వెనక పట్టా ఇంకా వేలాడుతోంది, మోకుని నేలమీద ఈడ్చుకొస్తోంది. వచ్చి డీకన్ పక్కలో తన ముట్టె దూర్చి నిలబడింది. ఒళ్ళంతా ఒణుకు. ఆ ఒణుకు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

దిగి నా కోటు కప్పాను. డెజ్మండ్ వాడి కోటు కప్పాడు. చొక్కా కూడా విప్పి దాని మెడ తుడవడం మొదలుపెట్టాడు. "అక్కా, తీసుకెళ్ళి శాలలో పెట్టేద్దామా? చలికి..."

"బాబాయ్ రాలేదు."

"రాలేదు కదా," అన్నాడు వాడు. నిలబడ్డాం.

చాలాసేపటికి వచ్చారు. స్కాల్స్కీ ముందు, ఆయన భుజం మీద చెయ్యి వేసి బాబాయ్ వెనక. ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. దగ్గరికి వస్తూ, "ఎవరెవరున్నారు?" అన్నాడు.

"అందరం ఉన్నాం," అన్నాను.

చెయ్యి చాచాడు. పెర్ల్ మెడ దొరికింది. వేళ్ళు జూలులోకి దూర్చి గట్టిగా పట్టుకున్నాడు. "మరి ఎందుకు నిలబడ్డారు? పదండి, చలికి చస్తుంది."

"నువ్వు ఎక్కలేదుగా."

"దీన్ని ఎక్కుతానా ఇప్పుడు?"

"అయితే మేమూ ఎక్కం."

నడిచే శాలకి వెళ్ళాం. ముగ్గురు మనుషులు, మూడు గుర్రాలు, ఒక ఆఫీసరు. 

పెర్ల్ బతికింది. ఊపిరితిత్తులకి నెమ్ము చేరి కొన్నాళ్ళు భయపెట్టింది గాని బతికింది. మా గేటు దగ్గర బోర్డు పెట్టించడానికి మళ్ళీ సభలు, మళ్ళీ మూడు నిమిషాలు. స్కాల్స్కీ ఒకసారి వచ్చి మా తరఫున మాట్లాడాడు, ఆయనకీ థాంక్యూ అన్నారు. చివరికి పెట్టారు. పాతదారి కొంగలది. కంచె పక్కన కంకర మాది. తిరగడానికి చోటులేని ఆ దారి.

బాబాయ్ కళ్ళ సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. ఎక్కనివ్వొద్దని ఆయన కూతురు నాతో గట్టిగానే పోట్లాడింది. ఆమె తప్పేం లేదు. ముందు నేనుంటానని మాటిచ్చాను. ఆయన ఒప్పుకున్నాడు, డీకన్ వెనక ఈస్టర్‌కి ఇల్లు చేరడానికి.

కాని పెర్ల్ ఇప్పుడు నిలబడదు. చెట్టులా నిలబడే గుర్రం. బాబాయ్ రికాబులో కాలు పెట్టగానే చెవులు తిప్పి డీకన్ ఎక్కడున్నాడో చూస్తుంది. గిట్టలు మారుస్తుంది. పక్కకి జరుగుతుంది. ఆయన పాదం రికాబు దొరక్క గాలిలో వెతుకుతుంది. మళ్ళీ మొదట్నుంచి. బాబాయ్ ఇప్పుడు "నిలబడమ్మా" అని కూడా అనడు.

అందుకని నేను డీకన్‌ని తెచ్చి దాని ముందు, దారికి అడ్డంగా నిలబెడతాను, ముట్టె ముట్టెకి ఆనేట్టు. వెనక రాకెట్. ఎటూ పోవడానికి లేకుండా. అప్పుడు కాస్త నిదానిస్తుంది, ఒణుకుతూనే. బాబాయ్ తడుముకుంటాడు. మొన్నటికంటే ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. సైకిళ్ళవాళ్ళు వచ్చి దారి వదలమని గంట కొట్టారు. కొట్టనిచ్చాం.

"ఎక్కావా బాబాయ్?"

"ఇంకా లేదు. ఉండు."

ఉన్నాం.